మధ్యయుగపు రాతప్రతుల్లో వింత జంతువులు: నమ్మి గీశారా, నవ్వడానికి గీశారా?

#1 సిరాబుడ్డి

ఫేస్‌బుక్కులోనూ వాట్సాపులోనూ తిరిగే ఆ బొమ్మలు అందరూ చూసే ఉంటారు. కవచం తొడిగిన యోధుడు నత్త ముందు కత్తి దూసి నిలబడతాడు. కుందేలు మనిషి తల నరుకుతుంది. ఎద్దులాంటిదేదో తోక ఎత్తి వేటగాళ్ల మీద వెనకనుంచి ఏదో చిమ్ముతుంది. కింద ఎవరో ఒకరు "ఏం తాగి గీశారో" అని రాస్తారు. ఇవి ఏ పుస్తకాల్లోవి, ఎందుకు గీశారు, గీసినవాళ్లు వీటిని నమ్మారా? తెలిసినవాళ్లు వివరంగా రాయండి. ఏ ప్రతి, ఎన్నో ఆకు అన్నది కూడా చెప్పగలిగితే చెప్పండి, వెతుక్కుని చూస్తాం.

#2 హంసపాదు

ముందు వీటిని రెండుగా విడదీయాలి. నెట్లో అన్నీ ఒకే గంపలో పోసేస్తారు, గందరగోళమంతా అక్కడే మొదలవుతుంది.

మొదటి రకం బెస్టియరీ. అంటే జంతువుల గ్రంథం. ఒక్కో జంతువుకు ఒక బొమ్మ, దాని స్వభావం, దాన్నిబట్టి క్రైస్తవ ధర్మబోధ. దీని మూలం ఫిజియోలోగస్ అనే గ్రీకు పుస్తకం, క్రీ.శ. తొలి శతాబ్దాలనాటిది. దానికి 7వ శతాబ్దంలో సెవిల్ బిషప్పు ఇసిడోర్ రాసిన విజ్ఞాన సర్వస్వంలోని ముక్కలు కలిశాయి. 12, 13 శతాబ్దాల్లో ఇంగ్లండులో ఈ పుస్తకాలు ఖరీదైన రంగులతో, బంగారంతో తయారయ్యాయి. 1200 ప్రాంతంలో చేసిన అబర్డీన్ బెస్టియరీ (అబర్డీన్ విశ్వవిద్యాలయం, ప్రతి సంఖ్య 24), దానికి తోబుట్టువులాంటి ఆష్మోల్ 1511 (ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్), బ్రిటిష్ లైబ్రరీలోని హార్లీ 4751 ఈ కోవలోవే.

రెండో రకం అంచు బొమ్మలు. పుస్తకం కీర్తనలదో, ప్రార్థనలదో, చర్చి చట్టానిదో అయ్యుంటుంది. జంతువులు మాత్రం పుట అంచుల్లో, పాఠంతో సంబంధం లేనట్టుగా తిరుగుతుంటాయి. నత్తలు, తలలు నరికే కుందేళ్లు ఇక్కడివి. వెనకనుంచి చిమ్మే ఎద్దు బెస్టియరీది.

మొదటి రకంలో చిత్రకారుడు గీసింది జంతువును కాదు, పక్కనున్న వాక్యాన్ని. బీవరు (ఏటి ఒడ్డున ఉండే, ఎలుక జాతి జంతువు) సంగతి చూడండి. దాని వృషణాలు మందుకు పనికొస్తాయని, వేటగాడు తరిమితే అదే వాటిని కొరికి పారేసి ప్రాణం దక్కించుకుంటుందని, మరోసారి ఎవరైనా తరిమితే వెల్లకిలా పడి "నా దగ్గర ఇంకేం లేవు" అని చూపిస్తుందని పాఠం. అంచేత బొమ్మలో కుక్కలాంటి ఒక జంతువు ఒళ్లు వంచి తన కాళ్ల మధ్యకు నోరు పెడుతుంది, వెనక కొమ్ముబూర ఊదుతూ వేటగాడు. వెడల్పాటి పొలుసుల తోక చాలా బొమ్మల్లో కనబడదు. కథకు దాంతో పని లేదుగా. నిజానికి ఆ మందు, అంటే కాస్టోరియం, వృషణాల్లోది కాదు. తోక మొదట్లో ఉండే రెండు సంచుల్లో ఊరుతుంది, ఆడ బీవరుకూ ఉంటాయి. మగదాని వృషణాలు ఒంటి లోపలే ఉండిపోతాయి, కొరుక్కుందామన్నా అందవు.

#3 చిత్రిక

హంసపాదు గారూ, "చూడలేదు గనక ఇష్టమొచ్చినట్టు గీశారు" అనే మాట ఎక్కడ చూసినా ఉంది. మొసలికీ తిమింగలానికీ అది సరే. మరి ముళ్లపంది? ఇంగ్లండులో పెరటికొకటి తిరుగుతుంది. దాన్నీ ద్రాక్షపళ్ల మీద పొర్లించి, ముళ్లకు పళ్లు గుచ్చి, పిల్లల దగ్గరకు మోయించారు. దీనికేం చెబుతారు?

#4 హంసపాదు

నేనన్నదానికి మీ ముళ్లపందే సాక్ష్యం. కళ్లముందు ఉన్నదాన్ని కూడా పాఠం చెప్పినట్టే గీశారు. ఆ ద్రాక్షపళ్ల ముచ్చట ఫిజియోలోగస్‌లోనే ఉంది.

ఏనుగు దగ్గర ఇంకా బాగా తెలుస్తుంది. బెస్టియరీ ఏనుగుకు మోకాళ్ల కీళ్లు ఉండవు. పడుకుంటే లేవలేదు, అందుకని చెట్టుకు ఆనుకుని నిద్రపోతుంది. వేటగాడు ఆ చెట్టును ముందే సగం కోసి పెడతాడు, ఏనుగు పడిపోతుంది. పెద్ద ఏనుగులు వచ్చి ఎంత లేపినా లేవదు, చివరికి ఒక చిన్న ఏనుగు వచ్చి లేపుతుంది. గుళ్లో ఏనుగు మోకరిల్లడం చూసిన మనకు ఇది నవ్వులాట. అరిస్టాటిలే దీన్ని కొట్టిపారేశాడు, అయినా కథ చావలేదు.

1255లో ఫ్రాన్సు రాజు 9వ లూయీ ఇంగ్లండు రాజు 3వ హెన్రీకి నిజమైన ఏనుగును కానుకగా పంపాడు. లండన్ టవర్‌లో దానికి 40 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పుతో ఇల్లు కట్టించారు. 1257లో చనిపోయింది. సెయింట్ ఆల్బన్స్ మఠంలోని మాథ్యూ పారిస్ దాన్ని కళ్లారా చూసి గీశాడు. కేంబ్రిడ్జి కార్పస్ క్రిస్టీ కాలేజీ 16వ ప్రతిలో ఆ బొమ్మ ఉంది. కాళ్లకు కీళ్లున్నాయి, తొండానికి ముడతలున్నాయి, పక్కన మావటివాడు కూడా ఉన్నాడు, కొలత తెలియడానికి. ఆ తర్వాత బెస్టియరీ ఏనుగులు మారాయా అంటే పెద్దగా మారలేదు. బూరలాంటి తొండం, గుర్రం కాళ్లు, వీపు మీద కోట అలాగే నడిచాయి. పాత ప్రతిని ఎదురుగా పెట్టుకుని కొత్తది చేసేవాడికి ఎదుట ఉన్న ప్రతే ప్రమాణం.

#5 సిరాబుడ్డి

మరి ఆ చిమ్మే ఎద్దు?

#6 హంసపాదు

దాని పేరు బొనాకన్. తల ఎద్దుది, జూలు గుర్రానిది. కొమ్ములు లోపలికి మెలితిరిగి ఉండడంతో పొడవడానికి పనికిరావు. అందుకని పరుగెత్తుతూ పేడ చిమ్ముతుంది, అది మూడెకరాల మేర పడి తగిలినదాన్నల్లా కాల్చేస్తుంది. ఇది రోమన్ రచయిత ప్లినీ నుంచి వచ్చిన సమాచారం. ఐరోపా అడవి దున్న లాంటిదేదో దీని వెనక ఉండొచ్చని కొందరంటారు, నాకంత నమ్మకం లేదు.

హార్లీ 4751లో 11వ ఆకు ముందు వైపు చూడండి. ఇనుప గొలుసుల చొక్కా వేసుకున్న వేటగాళ్లు, ముందున్నవాడి చేతిలో డాలు. డాలును పట్టిన తీరు చూస్తే అతనికి కత్తిపోటు భయం లేదని, భయమంతా ఇంకోదాని గురించేనని తెలిసిపోతుంది. జంతువు మెడ తిప్పి తన పనితనం తనే చూసుకుంటుంది. ఇక్కడ మాత్రం గీసినవాడు నవ్వుకుంటూనే గీశాడు. చాలా జంతువులకు చివర ధర్మబోధ తగిలించారు గానీ దీనికి మాత్రం లేదు.

పులి గురించి కూడా ఒక్క మాట. పులి పిల్లను ఎత్తుకుపోయే రౌతు దారిలో గాజు గోళం విసురుతాడు. తల్లి అందులో తన ప్రతిబింబాన్నే పిల్ల అనుకుని ఆగిపోతుంది. బొమ్మలో చారలు ఉండవు, చుక్కలుంటాయి, కొన్నిచోట్ల ఒళ్లు నీలంగా కూడా ఉంటుంది. పులిని చూసినవాడెవడూ దాన్ని పులి అనడు.

#7 నత్తగుల్ల

ఇక అంచుల సంగతికి వద్దాం.

నత్తా యోధుడూ అనే జత దాదాపు 1290లో మొదలైంది. ఉత్తర ఫ్రాన్సు, ఫ్లాండర్స్, ఇంగ్లండుల్లో ఓ పాతికేళ్లు జోరుగా నడిచి, తగ్గిపోయి, 15వ శతాబ్దం చివర్లో మళ్లీ కాస్త తలెత్తింది. కళా చరిత్రకారిణి లిలియన్ రాండల్ 1962లో ప్రచురించిన వ్యాసంలో 29 ప్రతుల్లో 70 బొమ్మలు లెక్కపెట్టారు. ఆమె వాదన ప్రకారం నత్త అంటే లంబార్డులు, అంటే ఉత్తర ఇటలీవాళ్లు. వడ్డీ వ్యాపారులని, పిరికివాళ్లని ఉత్తరాదివాళ్లు వాళ్లను ఎగతాళి చేసేవారు. నత్తను చూసి జడిసిన లంబార్డు గురించి అంతకు ముందే ఒక లాటిన్ హాస్య పద్యం ఉంది.

చూడాల్సిన ఆకు: గోర్లెస్టన్ సాల్టర్ అనే కీర్తనల పుస్తకం (బ్రిటిష్ లైబ్రరీ, అడిషనల్ 49622, సఫోక్ ప్రాంతం, 1310–24), 193వ ఆకు వెనక వైపు. అదే పుస్తకంలో 133వ ఆకు ముందు వైపు కుందేళ్ల శవయాత్ర ఉంది. శిలువ, కొవ్వొత్తులు, పాడె అన్నీ పద్ధతి ప్రకారమే.

#8 చిత్రిక

నత్తగుల్ల గారూ, లంబార్డు వాదం నాకు మింగుడుపడదు. నత్తే లంబార్డు అయితే యోధుడు దాని ముందు కత్తి పడేసి మోకరిల్లడమేంటి? పద్యంలో జడిసేవాడు లంబార్డు, నత్త కాదు. బొమ్మల్లో జడిసేవాడు యోధుడు. అప్పుడు వెక్కిరింత ఎవరి మీద?

#9 నత్తగుల్ల

న్యాయమైన ప్రశ్నే. రాండల్ వాదం మొదట ఎక్కడ పుట్టిందో చెప్పగలదేమో గానీ, 70 బొమ్మలకూ ఒకే తాళంచెవి కాలేదు. బొమ్మ పుట్టాక దాని అర్థం దాని వెంటే ఉండనక్కర్లేదు. చిత్రకారుల చేతుల్లో అది ఒక వాడుక బొమ్మ అయిపోయింది: పెద్ద ఆయుధం, చిన్న శత్రువు. ఎక్కడ అంచు ఖాళీగా ఉంటే అక్కడ పెట్టేశారు. ప్రతి నత్తకూ గూఢార్థం వెతికితే చివరికి మనమే ఆ యోధుడిలా నిలబడాల్సి వస్తుంది.

కుందేళ్ల విషయం వేరు. స్మిత్‌ఫీల్డ్ డిక్రెటల్స్ (బ్రిటిష్ లైబ్రరీ, రాయల్ 10 ఇ 4) 60వ ఆకు చుట్టుపక్కల పుటలన్నీ వరసగా తిప్పండి, విడిగా ఒకటి చూస్తే అర్థం కాదు. కుందేలు వేటగాణ్ణి బాణంతో కొడుతుంది. తర్వాత అతన్ని కట్టేసి న్యాయమూర్తి ముందుకు తెస్తారు, ఆ న్యాయమూర్తీ కుందేలే. తీర్పు, తల నరకడం. ఆ వెంటనే వేటకుక్కకూ ఇదే గతి, దాన్ని బండిలో తీసుకెళ్లి ఉరి తీస్తారు. పుస్తకం పైభాగంలో ఉన్నదేమిటంటే 9వ గ్రెగరీ పోపు 1234లో వెలువరించిన చర్చి చట్టాల సంపుటి. పాఠం దక్షిణ ఫ్రాన్సులో 1300 ప్రాంతంలో రాశారు, అంచు బొమ్మలు లండన్‌లో 1340 ప్రాంతంలో వేశారు. విచారణ, సాక్ష్యం, శిక్ష గురించి పైన పండితుడు చదువుతుంటే కింద కుందేళ్లు కోర్టు నడుపుతున్నాయి. ఇది తాగి గీసింది కాదు, చట్టం తెలిసినవాణ్ణి నవ్వించడానికి గీసింది.

#10 సిరాబుడ్డి

ఫోన్లో ఒక బొమ్మ కనబడితే, పేరూ ఊరూ లేకుండా, అది ఏ పుస్తకంలోదో పట్టుకునే దారి ఏమైనా ఉందా?

#11 హంసపాదు

ఉంది. కావాల్సినవి మూడు ముక్కలు: గ్రంథాలయం, ప్రతి సంఖ్య, ఆకు సంఖ్య. రాతప్రతిలో పుటలకు సంఖ్యలుండవు, ఆకులకే ఉంటాయి. ముందు వైపును రెక్టో అని, వెనక వైపును వెర్సో అని అంటారు. లెక్కలో 12 రెక్టో, 12 వెర్సో రెండు వేర్వేరు పుటలు. ఇది రాయకపోతే ఆ సమాచారం పనికిరాదు.

బొమ్మను కత్తిరించకుండా, అంచులతో సహా ఉన్న రూపం వెతకండి. రివర్స్ ఇమేజ్ సెర్చ్‌లో కత్తిరించిన ముక్క పెడితే మీమ్‌లే వస్తాయి. తర్వాత అక్షరాల తీరు చూడండి. కోణాలు తేలి దట్టంగా ఉంటే గోతిక్, 13–15 శతాబ్దాలు. బొమ్మ చట్రంలో ఉండి పక్కనే జంతువు పేరుతో ఎర్ర శీర్షిక ఉంటే బెస్టియరీ. చట్రం లేకుండా అంచులోనో, తీగ చివరో ఉంటే కీర్తనలో ప్రార్థనలో అయ్యుంటాయి.

అబర్డీన్ ప్రతి మొత్తం వాళ్ల విశ్వవిద్యాలయం సైట్లో వ్యాఖ్యానంతో సహా ఉంది. బోడ్లియన్‌వి డిజిటల్ బోడ్లియన్‌లో, ఫ్రాన్సువి అక్కడి జాతీయ గ్రంథాలయం సైటు గాలికా (Gallica)లో. బ్రిటిష్ లైబ్రరీ మీద 2023 అక్టోబరులో సైబర్ దాడి జరిగాక పాత లింకులు చాలావరకు చచ్చిపోయాయి. అందుకే లింకు దాచుకోవడం కంటే ప్రతి సంఖ్య దాచుకోండి.

ఇంకొకటి. తోక, చెవి రంగుల కంటే గీత చుట్టూ చిన్న చిన్న సూది బెజ్జాలున్నాయేమో పెద్దది చేసి చూడండి. అబర్డీన్ ప్రతిలో కొన్ని బొమ్మలకు ఉన్నాయి. మగ్గం వర్కులో ట్రేసింగ్ కాగితానికి బెజ్జాలు పొడిచి పొడి రుద్ది చీర మీదికి దించుతారు చూడండి, సరిగ్గా అదే పని. ఒక పుస్తకంలోని బొమ్మను ఇంకో పుస్తకంలోకి ఇలా దించేవారు. రెండు ప్రతుల్లో ఒకే తప్పు ఎందుకుందో దాన్నిబట్టి తెలుస్తుంది.

#12 మోటుపల్లి_రేవు

మనవాళ్లకు కావాల్సిన ఆకు ఒకటి మర్చిపోయారు. పారిస్ జాతీయ గ్రంథాలయం, ఫ్రాన్సే 2810, 82వ ఆకు. 1410–12 ప్రాంతంలో బుర్గుండీ డ్యూక్ కోసం చేసిన అద్భుతాల పుస్తకం అది. తలలేని మనుషులు, ఒంటికాలి మనుషులు ఉన్న ఆ సంపుటంలోనే ముత్‌ఫిలి రాజ్యంలో వజ్రాలు ఏరే బొమ్మ ఉంది. ముత్‌ఫిలి అంటే మన మోటుపల్లి. 1244లో కాకతి గణపతిదేవుడు విదేశీ వర్తకులకు అభయశాసనం వేయించిన రేవు.

ఆ పుస్తకంలో ఉన్న మార్కో పోలో యాత్రా పాఠంలో వజ్రాలు దొరికే దారులు మూడు. వానలు కురిసి కొండవాగులు పారాక నీళ్లు తగ్గిన చోట ఏరుకోవడం ఒకటి. పాములు నిండిన లోయలోకి మాంసం ముద్దలు విసిరితే, వజ్రాలు అంటుకున్న ఆ ముద్దల్ని తెల్ల గద్దలు పైకి తెస్తాయి, మనుషులు అదిలించి తీసుకుంటారు, ఇది రెండోది. ఆ గద్దల రెట్టలో వెతకడం మూడోది. రెండో కథ పోలో కంటే ఎంతో పాతది, 4వ శతాబ్దపు సైప్రస్ బిషప్పు ఎపిఫానియస్ రచనలోనే ఉంది. మొదటిది మాత్రం అక్షరాలా నిజం. ఇప్పటికీ తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు చేలల్లో జనం తలలు వంచుకుని వెతుకుతారు.

రాజ్యాన్ని ఏలే రాణి గురించి భర్త పోయాక పాలిస్తోందని పోలో రాశాడు. చరిత్రకారులు ఆమెను రుద్రమదేవిగా గుర్తించారు. ఆమె గణపతిదేవుడి కూతురు, భార్య కాదు. మనుషుల విషయంలోనే ఇంత తేడా వచ్చినప్పుడు గద్దల గురించి పారిస్ చిత్రకారుణ్ణి ఏం అంటాం?

#13 చిత్రిక

రేవు గారూ, ఇది బంగారం. మనిషి ముఖం, సింహం ఒళ్లు, తేలు తోక, మూడు వరసల పళ్లు ఉన్న మాంటికోర్ కూడా ఇండియా జంతువే కదా? క్రీ.పూ. 5వ శతాబ్దం చివర్లో పర్షియా ఆస్థానంలో ఉన్న క్టేసియస్ రాశాడు. అది పులి గురించి పెరిగిన పుకారేనని 2వ శతాబ్దంలోనే గ్రీకు రచయిత పౌసానియస్ అన్నాడు. అయినా బెస్టియరీలో పులీ ఉంది, మాంటికోరూ ఉంది, వేర్వేరు పుటల్లో.

సరే, పని మాట. ఇలాంటి పుట ఒకటి చెయ్యాలంటే ఇక్కడ దొరికే సరుకుతో అవుతుందా? నిమ్మలకుంట తోలుబొమ్మల మేకతోలు పనికొస్తుందా?

#14 తుమ్మబంక

తోలుబొమ్మల తోలు వెనకనుంచి దీపం పెట్టి చూడటానికి చేసింది, వెలుతురు దాటాలి. పుస్తకం తోలుకు అది పనికిరాదు, రెండో వైపు రాత కనబడుతుంది. పార్చ్‌మెంట్‌ను సున్నపు నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు తీసి, చట్రానికి బిగించి తడి ఆరేలోపు అర్ధచంద్రాకారపు కత్తితో గీకి, చివర సుద్దతో తెల్లబరుస్తారు. తోలుబొమ్మల తోలే వాడతానంటే ప్యూమిస్ రాయి పొడితో రుద్ది, సుద్దపొడి చల్లి దులపండి. జిడ్డు మిగిలితే సిరా చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. మొదటిసారికి 300 జీఎస్ఎం నున్నటి కాటన్ కాగితం మేలు.

సిరాకు మాచికాయలు 30 గ్రాములు, అన్నభేది 20 గ్రాములు, తుమ్మబంక 10 గ్రాములు, నీళ్లు 300 మిల్లీలీటర్లు. అన్నీ మూలికల దుకాణంలో దొరుకుతాయి. మాచికాయలు చితక్కొట్టి రెండు రోజులు నానబెట్టి గుడ్డలో వడకట్టండి. ఆ నీళ్లలో అన్నభేది, తర్వాత నానిన బంక కలపండి. అన్నభేది పలుకులు ఆకుపచ్చగా ఉండాలి, తుప్పు రంగుకు తిరిగినవి కొనొద్దు. రాసినప్పుడు పాలిపోయి కనబడుతుంది, గాలి తగిలేకొద్దీ నల్లబడుతుంది. నల్లగా లేదని అన్నభేది ఎక్కువ వేస్తే కొన్నేళ్లకు గోధుమరంగుకు తిరిగి ఆకును తినేస్తుంది. పని కాగానే పాళీ కడగండి, ఇది ఆమ్లం, ఉక్కును తింటుంది.

రంగుల్లో ఇంగిలీకం (ఎరుపు)లో పాదరసం, హరిదళం (పసుపు)లో ఆర్సెనిక్, సఫేదా (తెలుపు)లో సీసం ఉంటాయి, మూడూ విషమే. వీటిని పొడిగా నూరవద్దు. ఆ రంగుల్లోనే ఆధునిక రంగులు కొనుక్కోండి. లాపిస్ నీలానికి బదులు మామూలు అల్ట్రామెరైన్ వాడొచ్చు, రసాయనంగా రెండూ ఒకటే. అసలు ప్రతుల్లో కొన్నిచోట్ల పచ్చరంగు కింద తోలు చిల్లిపడి ఉంటుంది, అది రాగి చిలుము చేసిన పని.

వరస తప్పకూడదు: సీసపు పుల్లతో గీత, సిరా గీత, బంగారం, రంగు, నీడ, తెల్లటి మెరుపు గీతలు, చివర మళ్లీ నల్ల గీత. బంగారం రంగు కంటే ముందే. రంగు మీద రేకు అంటుకుంటుంది, పైగా మెరుగు పెట్టే రాయి రంగును గీరేస్తుంది.

#15 సిరాబుడ్డి

బొనాకన్ వెనక ఆకాశం బంగారంతో నింపాలంటే?

#16 తుమ్మబంక

అడుగు పూత కావాలి, దాన్ని జెస్సో అంటారు. చాలా నీళ్లలో రోజుల తరబడి కలిపి గట్టిపడే గుణం పోగొట్టిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ 8 పాళ్లు, సఫేదా 3 పాళ్లు (దానికి బదులు టైటానియం తెలుపు), చక్కెర 1, చేపజిగురు 1, పైన చిటికెడు ఎర్రమట్టి, ఎక్కడ పూశామో కనబడటానికి. మెత్తగా నూరాలి. గిలక్కొట్టవద్దు, బుడగలు వస్తే ఆరాక సూది మొనంత గుంటలు పడి బంగారం అక్కడ నల్లగా కనబడుతుంది. పాళీతో చుక్క చుక్కగా దించి, ఉబ్బెత్తుగా ఆరనివ్వండి. ఆరాక గొట్టంలోంచి రెండు మూడు సార్లు గట్టిగా వేడి ఊపిరి వదలండి, వెంటనే రేకు పెట్టి, పైన నున్నటి కాగితం వేసి నొక్కండి. కాసేపాగి అగేట్ రాయితో మెరుగు.

చెడేది ఎక్కువగా వాతావరణంతోనే. అనంతపురం ఎండల్లో పూత బొత్తిగా పొడిబారి రేకు పట్టదు, తెల్లవారుజామున చెయ్యండి. కాకినాడ, మచిలీపట్నం వైపు వానాకాలంలో చక్కెర తేమ పీల్చి పూత జిగటగా ఉండిపోతుంది, రాయి పెడితే బంగారంతో సహా లేచొస్తుంది. అప్పుడు చక్కెర సగం చేయండి. ఆరాక పగుళ్లు వస్తే జిగురు ఎక్కువైందనో, పూత మందమైందనో అర్థం.

మిఠాయిల మీద వేసే వెండి రేకు వద్దు. పాత ప్రతుల్లో కూడా వెండి వేసిన కవచాలు, చేపలు ఇప్పుడు బొగ్గు రంగులో ఉన్నాయి, పక్క ఆకుకు మరక దిగింది.

#17 చిత్రిక

ఎర్రమట్టి అంటే ముగ్గుల కింద పూసే ఎర్రమన్ను సరిపోతుందా, జల్లించి?

#18 తుమ్మబంక

సరిపోతుంది. నీళ్లలో కలిపి, ఇసుక అడుగుకు దిగాక పైన తేలిన ఎర్ర నీళ్లు వేరే గిన్నెలోకి వంచి, అందులో పేరుకున్నది ఆరబెట్టి వాడండి. ఇసుక పలుకు ఒక్కటి మిగిలినా అగేట్ రాయి దాని మీదుగా వెళ్లి రేకును గీరేస్తుంది.